కేతువు నుంచి కేతనం దాకా: ‘ముత్యాల సరములు’లో తోకచుక్క

వ్యాస సంగ్రహం

గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’ (1910) కవితలోని తోకచుక్కను మూఢవిశ్వాసంపై విజ్ఞానం సాధించిన విజయానికి సంకేతంగా బోధించడం మన తరగతి గదుల్లో స్థిరపడిపోయింది. ఆ అన్వయం తప్పు కాదు, కాని అసంపూర్ణం. ‘కేతువు’ అనే మాటకున్న ఛాయాగ్రహం, తోకచుక్క, జెండా అనే మూడు అర్థాల మీదుగా కవిత నడిచిందనీ, చుట్టరికం అనే భావన ద్వారా సంపంక్తి భోజనాన్ని సమర్థించిందనీ, అయితే ఒక శకునాన్ని తోసిపుచ్చి మరొక శకునాన్ని నిలబెట్టే ప్రమాదం దానిలో ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అదే తోకచుక్క 1986లో తిరిగి వచ్చేనాటికి ఆంధ్రదేశంలో ఉన్న పరిస్థితి ఆధారంగా ఆ ప్రమాదాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: గురజాడ, ముత్యాల సరములు, తోకచుక్క, ధూమకేతువు, హేలీ, శకునం, సంపంక్తి భోజనం, సంఘసంస్కరణ.

1. ఉపోద్ఘాతం

సూర్యుని చుట్టూ తిరిగేవాటిలో గ్రహాలు, మరుగుజ్జు గ్రహాలు, ఉపగ్రహాలు పోగా మిగిలినవాటిని ఖగోళశాస్త్రజ్ఞులు ‘సౌరకుటుంబపు చిన్న వస్తువులు’ అనే ఒక్క వర్గంలో చేర్చారు. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006లో చేసిన వర్గీకరణ ఇది. తోకచుక్కలు, గ్రహశకలాలలో అత్యధిక భాగం ఈ వర్గంలోకే వస్తాయి. పరిమాణంలో చిన్నవే అయినా మనిషి ఊహలో ఇవి ఆక్రమించిన చోటు చాలా పెద్దది. గురుగ్రహాన్ని చూసి భయపడి తలుపులు వేసుకున్న ఊరు లేదు. తోకచుక్కను చూసి కలతపడని ఊరు అరుదు.

తెలుగు సాహిత్యంలో ఈ చిన్న వస్తువుకు దక్కిన అతి ముఖ్యమైన స్థానం ‘ముత్యాల సరములు’ కవితలో ఉంది. ఆధునిక తెలుగు కవిత్వానికి ఆరంభంగా పలువురు భావించే ఈ రచన 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడింది. ఛందస్సు కొత్తది, భాష కొత్తది, వస్తువు కొత్తది. ఈ మూడింటి గురించి విమర్శలో చర్చ జరిగింది. తోకచుక్క మాత్రం ‘శాస్త్రీయ దృక్పథం’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే విషయంగా మిగిలిపోయింది. విద్యార్థి పరీక్షలో రాసేది కూడా ఇంతే: భార్య భయపడింది, భర్త వివరించాడు, అజ్ఞానం తొలగింది. కవిత చేసిన పని ఇంతేనా అన్నది ఈ వ్యాసం వేసుకుంటున్న ప్రశ్న.

2. 1910 నాటి ఆకాశం

కవితలోని తోకచుక్క ఏదో ముందుగా నిర్ధారించుకోవాలి. 1910లో కంటికి స్పష్టంగా కనిపించిన తోకచుక్కలు రెండు. మొదటిది జనవరిలో అనుకోకుండా వచ్చిన మహా తోకచుక్క. అది జనవరి 17న సూర్యునికి అత్యంత సమీపానికి వచ్చి, తరువాతి రోజుల్లో సాయంకాలపు పడమటి ఆకాశంలో ప్రకాశించింది. రెండవది హేలీ తోకచుక్క. అది ఏప్రిల్ 20న సూర్యునికి సమీపబిందువు చేరి, మే నెల మధ్య వరకు తెల్లవారుజామున తూర్పున కనిపించింది. ఆ తరువాత సాయంకాలపు ఆకాశంలోకి మారింది.

గురజాడ కవితలో సమయం వేకువ, దిక్కు తూర్పు. పైగా అది డెబ్బై ఏళ్లకోసారి వచ్చిపోయేదని కవితలోనే ఉంది. ఈ మూడు ఆధారాలూ హేలీ తోకచుక్కకే సరిపోతాయి. ఇది కేవలం కాలనిర్ణయానికి సంబంధించిన విషయం కాదు. ముందుగా తెలియకుండా వచ్చిన తోకచుక్కను గాక, వస్తుందని అందరికీ ముందే తెలిసిన తోకచుక్కను కవి స్వీకరించారు. కవితలోని వాదం ఈ ఎంపికపైనే ఆధారపడి ఉంది.

ఆ వేసవిలో భయం ఒక్క మన ఇళ్లలోనే లేదు. మే 18, 19 తేదీల్లో భూమి హేలీ తోకచుక్క తోక గుండా సాగిపోతుందని లెక్క తేలింది. అంతకుముందే ఆ తోక వర్ణపటంలో సయనోజెన్ అనే విషవాయువు జాడ కనబడింది. తోక ఎంత పలుచనిదంటే దానివల్ల భూమికి హాని ఉండదని శాస్త్రజ్ఞులు చెప్పినా, పాశ్చాత్య నగరాల్లో భయం వ్యాపించింది. తోకచుక్క నుంచి కాపాడే మాత్రలంటూ అమ్మినవారున్నారు, కొన్నవారున్నారు. అక్కడి భయానికి ఊతమిచ్చింది పురాణం కాదు, వర్ణపటదర్శిని అందించిన వార్త. కాబట్టి కవితలోని ఇల్లాలి కలతను ‘చదువులేని భారతీయ స్త్రీ అజ్ఞానం’గా చదవడం చారిత్రకంగా నిలవదు.

3. గణితానికి అందనిది, అందినది

వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో కేతుచారానికి ఒక అధ్యాయం కేటాయించాడు. కేతువుల సంఖ్య గురించి పూర్వుల మధ్య ఉన్న అభిప్రాయభేదాలను అందులో పేర్కొన్నాడు: నూట ఒకటని కొందరు, వేయి అని మరికొందరు, ఉన్నది ఒక్కటే అయినా పలు రూపాల్లో కనబడుతుందని నారదుడు. అంతకంటే గమనించదగిన మాట మరొకటి ఉంది. కేతువుల ఉదయాస్తమయాలు గణితంతో తెలుసుకోవడానికి వీలుకానివని ఆయన స్పష్టంగా చెప్పాడు. గ్రహణాన్ని లెక్కకట్టగలిగిన శాస్త్రం తోకచుక్క దగ్గర తన పరిమితిని ఒప్పుకుంది. లెక్కకు అందని చోట ఫలం చెప్పడానికి అవకాశం ఏర్పడింది. ఎప్పుడు వస్తుందో తెలియనిదే శకునమవుతుంది. రోజూ పొడిచే సూర్యుణ్ణి ఎవరూ శకునంగా తీసుకోరు.

ఈ పరిస్థితిని మార్చినవాడు ఎడ్మండ్ హేలీ. 1531, 1607, 1682 సంవత్సరాల్లో కనిపించిన తోకచుక్కల మార్గాలను పోల్చి, అవి మూడూ ఒక్కటేనని 1705లో ప్రతిపాదించాడు. అది 1758 చివర తిరిగి వస్తుందన్నాడు. హేలీ 1742లో మరణించాడు. తోకచుక్క 1758 డిసెంబరులో కనిపించింది. పూర్వులు వేర్వేరుగా లెక్కించినవి ఒకే వస్తువు రాకపోకలేనని రుజువైంది. ఒక్కటే పలుమార్లు కనబడుతుందన్న నారదమతానికి ఇది పైకి దగ్గరగా అనిపించినా, రెండింటినీ సమానం చేయడం పొరపాటు. నారదుడిది అభిప్రాయం, హేలీది పరీక్షకు నిలిచిన లెక్క.

ఈ విజ్ఞానం గురజాడకు దూరపు కబురు కాదు. ఆయన జీవించిన విజయనగరానికి చేరువలోని విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలోనే సొంత వేధశాలను నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించి 1874లో శుక్రగ్రహ సంక్రమణాన్ని పరిశీలించారు. ఖగోళశాస్త్రానికి ఉత్తరాంధ్రలో అప్పటికే ఒక చరిత్ర ఉంది.

కవితలో భర్త తోకచుక్క రాకపోకల వ్యవధిని ప్రస్తావించడం ఈ నేపథ్యంలో చూడాలి. ఆ ఒక్క సంఖ్య శకునానికి మూలమైన అనిశ్చితిని తొలగిస్తుంది. డెబ్బై ఏళ్లకోసారి రావడం దాని నియమమైతే, అది ఈ ఇంటిమీద, ఈ భోజనం కారణంగా వచ్చిన ఉత్పాతం కాజాలదు. కవిత చెప్పిన అంకె స్థూలమైనదే. గురు, శని గ్రహాల ఆకర్షణ వల్ల ఈ వ్యవధి సుమారు 74 నుంచి 79 ఏళ్ల మధ్య మారుతూ ఉంటుంది. 1835 నవంబరు నుంచి 1910 ఏప్రిల్ వరకు పట్టింది 74 ఏళ్ల 5 నెలలు మాత్రమే. వాదానికి కావలసింది ఖచ్చితమైన అంకె కాదు, నియమం ఉందన్న సంగతి.

4. కేతువు: ఒక మాట, మూడు అర్థాలు

భర్త ఉపన్యాసంతో మొదలుపెట్టడు. పరిహాసంతో మొదలుపెడతాడు. ఆకాశంలో ఉన్నది కేతువని తలచి నీ ముఖచంద్రుడు అలిగాడా అన్న భావం వచ్చేలా భార్యను మేలమాడుతాడు. ఆ తరువాత అది కేతువు కాదనీ, దేవతాస్త్రీల చేతిలోని తెల్లని పువ్వు వంటిదనీ అంటాడు. ఈ మేలములో ఒక భాషావిశేషం ఇమిడి ఉంది.

‘కేతువు’ అనే మాటకు మన వాడుకలో మొదట తట్టే అర్థం నవగ్రహాలలో ఒకటైన ఛాయాగ్రహం. చంద్రుని కక్ష్య సూర్యమార్గాన్ని ఖండించే రెండు బిందువులలో ఒకటి రాహువు, రెండవది కేతువు. అక్కడ ఏ వస్తువూ లేదు, ఉన్నది గణిత బిందువు మాత్రమే. గ్రహణాలు ఆ బిందువుల సమీపంలోనే సంభవిస్తాయి కాబట్టి పురాణంలో అవి చంద్రునికి శత్రువులయ్యాయి. రెండవ అర్థం తోకచుక్క. వరాహమిహిరుడు వాడింది ఈ అర్థంలోనే. మూడవది, మూలానికి దగ్గరగా ఉండేది, గుర్తు లేదా జెండా. ‘ధూమకేతువు’ అంటే పొగ జెండాగా గలది అని వ్యుత్పత్తి. వేదంలో ఇది అగ్నికి విశేషణం. అక్కడ అశుభచ్ఛాయ లేదు. పొగ కనబడితే నిప్పున్న చోటు తెలుస్తుంది, అంతే.

కవిత ఈ మూడు అర్థాల మీదుగా వరుసగా నడిచింది. మొదట చంద్రశత్రువైన ఛాయాగ్రహాన్ని పరిహాసంగా ప్రస్తావించి పక్కకు తప్పించింది. తరువాత, నియతకాలంలో వచ్చిపోయే ఖగోళవస్తువుగా తోకచుక్కను పరిచయం చేసింది. చివరకు దానిని సంఘసంస్కరణ యాత్రలో ముందు నడిచే జెండాగా భావించింది. జెండా ఊహ బయటినుంచి తెచ్చి అతికించింది కాదు. ‘కేతు’ శబ్దంలో నిద్రాణంగా ఉన్న అర్థమే అది. గురజాడ దీనిని ఉద్దేశపూర్వకంగా చేశారా లేదా అన్నది నిరూపించగలిగిన విషయం కాదు. కవితలో అర్థాల క్రమం ఇలా ఉందన్నది మాత్రం పాఠం చూపే సంగతి. పాత మాటను వదిలి కొత్త మాట తేవడం కాక, పాత మాటకు మరుగున పడిన అర్థాన్ని తిరిగి ఇవ్వడం ఇక్కడి పద్ధతి. పాత కొత్తల మేలు కలయికను కోరిన కవి తన కోరికను ఒక్క పదంలోనే అమలుచేసినట్టయింది.

పేర్లలో పాత సిద్ధాంతాలు నిలిచిపోవడం విజ్ఞానశాస్త్రంలోనూ ఉంది. 1801లో సెరెస్‌ను, ఆ వెంటనే మరికొన్నింటిని కనుగొన్నప్పుడు, అవి పగిలిపోయిన ఒక గ్రహం ముక్కలు కావచ్చునని కొందరు ఊహించారు. ఆ ఊహ తరువాత నిలవలేదు. మన ‘గ్రహశకలం’ అనే మాటలో మాత్రం పగిలిన గ్రహం ఇంకా ఉంది. మాటను వాడుతూనే దానిలోని పాత సిద్ధాంతం నుంచి బయటపడవచ్చు. గురజాడ ‘కేతువు’తో చేసింది ఇటువంటిదే.

5. చుట్టరికం, పంక్తి

కవితలో తోకచుక్కను భూమికి దూరపు చుట్టంగా చెప్పడం ఉంది. దారిన పోతూ పలకరించడానికి ఆగిన బంధువు అది. ఈ పోలికను సాధారణంగా చమత్కారంగా మెచ్చుకుని వదిలేస్తాం. కవిత సందర్భంలో దీనికి అంతకంటే బరువుంది.

ఈ కవిత వెనుక ఉన్న సామాజిక సన్నివేశం కులభేదం పాటించకుండా జరిగిన సంపంక్తి భోజనం. ఎవరి పక్కన కూర్చుని తినవచ్చు అనే ప్రశ్నకు కులసమాజం ఇచ్చే జవాబు ‘బంధువు’ అనే మాటలోనే ఉంది. మన సమాజంలో చుట్టరికం కులానికి లోబడినది. పెళ్లి ఎవరితోనో వారే చుట్టాలు, చుట్టాలెవరో వారే పంక్తిలో కూర్చునేవారు. సంస్కర్త తిన్నది ఈ వలయం దాటిన పంక్తిలో. ఇంట్లో కలత కూడా అందుకే. తోకచుక్క వల్ల ఇంటికి రాగల కీడు కన్నా, భోజనం వల్ల ఊళ్లో రాగల వెలి ఆ ఇల్లాలికి దగ్గరి భయం. పుట్టింటి రాకపోకలు, పిల్లల పెళ్లిళ్లు, ఇంట జరగవలసిన శుభాశుభాలు అన్నీ వెలితో ముడిపడి ఉన్న కాలమది. వెలి భారాన్ని మొదట మోసేది ఇంటి ఆడవారే.

ఈ నేపథ్యంలో భర్త ‘బంధువు’ అన్న మాటను తీసుకుని భూమి మీది వలయం నుంచి ఆకాశానికి విస్తరిస్తాడు. కోట్ల మైళ్ల దూరం నుంచి వచ్చే వస్తువు మనకు చుట్టమైతే, పక్కవీధి మనిషి కాకుండా ఎలా పోతాడన్న ప్రశ్న చెప్పకుండానే వినిపిస్తుంది. వర్ణభేదాలు కల్లలై లోకమంతా ఒకే ఇల్లుగా మారే కాలాన్ని కవిత తరువాత ఊహించింది. ఆ ఊహకు పునాది ఇక్కడే పడింది. చుట్టం మొదట ఆకాశం నుంచి వచ్చాడు, ఆ తరువాత ఇల్లు లోకమంత అయింది. విజ్ఞానం ఇక్కడ సమాచారంగా రాలేదు, బంధుత్వంగా వచ్చింది. భయపడుతున్న మనిషికి కక్ష్యను వివరించడం కన్నా, వచ్చినవాడు మనవాడేనని చెప్పడం పనిచేస్తుందని కవికి తెలుసు.

ఒక జాగ్రత్త అవసరం. గ్రహాలూ తోకచుక్కలూ ఒకే ఆదిమ వాయుధూళి మేఘం నుంచి పుట్టాయని ఇప్పుడు మనకు తెలుసు కాబట్టి, గురజాడ ముందే ఊహించారని సంబరపడే ధోరణి విమర్శలో తలెత్తవచ్చు. 1910 నాటి కవితను తరువాతి విజ్ఞానంతో గౌరవించనవసరం లేదు. ఆ చుట్టరికం ఖగోళశాస్త్ర ప్రతిపాదన కాదు, సామాజిక ప్రతిపాదన.

6. కొత్త శకునమా?

ఇంతవరకు చూసినది కవిత బలం. కవిత తనతో తానే విభేదించే చోటు కూడా ఉంది. తోకచుక్కకు మనుషుల వ్యవహారాలతో సంబంధం లేదని తేల్చిన భర్తే, దానిని సంస్కరణకు జెండాగా భావిస్తానంటాడు. తోకచుక్క కీడుకు సూచన కానప్పుడు మేలుకు మాత్రం ఎలా సూచన అవుతుంది? తర్కపరంగా చూస్తే ఫలం మారింది కాని, ఫలం చెప్పే పద్ధతి మారలేదు.

దీనికి కవిత పక్షాన ఒక సమాధానం ఉంది. శకునం దానంతట అది మనిషి మీద పడుతుంది, జెండాను మనిషి ఎత్తుకుంటాడు. తోకచుక్క జెండా అని భర్త ప్రకటించడు, అలా తలుస్తానంటాడు. క్రియ అతనిది, బాధ్యతా అతనిదే. శకునవాది తన అర్థాన్ని ఆకాశం చెప్పినట్టు ప్రకటిస్తాడు. ఇక్కడ అర్థం చెబుతున్నది మనిషేనన్న స్పృహ ఉంది. ఈ తేడా చిన్నది కాదు.

అయినా సందేహం పూర్తిగా తీరదు. జెండా ఊహ వెంట మరొకటి కూడా వచ్చింది. తోకచుక్క రాక తప్పనిది. దానిని సంస్కరణకు సంకేతం చేసినప్పుడు ఆ అనివార్యత సంస్కరణకూ సంక్రమిస్తుంది. మతాలు మాసిపోతాయి, జ్ఞానం నిలుస్తుంది, భేదాలు పోతాయి అన్న భవిష్యద్వాక్యాల ధీమా అక్కడిదే. కక్ష్యలో తిరిగే వస్తువుకు లెక్క ఉంది. మనుషుల సమాజానికి అటువంటి లెక్క లేదు. కవితలోని ఆశను ప్రేమించే పాఠకుడు కూడా ఈ తేడాను గుర్తించాలి.

7. తిరిగి వచ్చిన చుట్టం

హేలీ తోకచుక్క 1986 ఫిబ్రవరి 9న మళ్లీ సూర్యునికి సమీపబిందువు చేరింది. ఆ మార్చిలో జోటో అనే అంతరిక్ష నౌక దాని కేంద్రకానికి సుమారు 600 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి చూసింది. సుమారు 15 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న, బొగ్గు కన్నా నల్లని మంచుధూళి ముద్ద అది. లక్షల కిలోమీటర్ల తోకకు మూలం అంత చిన్న వస్తువు.

ఆ తోకచుక్క సూర్యుని వైపు వస్తున్న కాలంలోనే, 1985 జూలై 17న, ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలపై ఆధిపత్య కులస్థులు దాడి చేశారు. ఆరుగురు మాదిగలు హతులయ్యారు. ఘర్షణ మొదలైంది మంచినీటి చెరువు దగ్గర. ఈ రెండు సంఘటనల మధ్య కార్యకారణ సంబంధం ఏదీ లేదు. అలా కలపడం మళ్లీ శకునం చెప్పడమే అవుతుంది. కాని ‘ముత్యాల సరములు’ స్వయంగా ఒక గడువును ప్రస్తావించిన కవిత. డెబ్బై ఏళ్లకు వచ్చే చుట్టం మళ్లీ వచ్చినప్పుడు ఇల్లు ఎలా ఉందని అడిగే హక్కును ఆ కవితే పాఠకుడికి ఇచ్చింది. 1910లో ప్రశ్న పంక్తిలో పక్కన కూర్చోవడం గురించి. 1985లో ప్రశ్న చెరువు నీటి గురించి. ఆకాశవస్తువు తన గడువు పాటించింది, సమాజం పాటించలేదు.

దీనివల్ల కవిత విఫలమైందని చెప్పడం లేదు. కారంచేడు తరువాత దళిత ఉద్యమం, దళిత సాహిత్యం తెలుగులో కొత్త బలంతో ముందుకు వచ్చాయి. కులాంతర పంక్తిలో కూర్చుని వచ్చినవాడి చూపు నుంచి కాక, పంక్తికీ చెరువుకూ దూరం చేయబడినవారి చూపు నుంచి అవి మాట్లాడాయి. గురజాడ జెండాగా ఊహించిన దానిని మనుషులు తమ చేతుల్లోకి తీసుకున్నది అక్కడ. జెండా ఆకాశంలో ఉన్నంతవరకు దానిని చూడడం ఒక్కటే సాధ్యం. ‘ముత్యాల సరములు’ కవితను దళిత సాహిత్యం పక్కన ఉంచి బోధించినప్పుడు ఈ తేడా విద్యార్థికి స్పష్టమవుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. కవితలోని వేకువ, తూర్పు దిక్కు, రాక వ్యవధి అనే మూడు వివరాలు అది హేలీ తోకచుక్కేనని చూపుతున్నాయి. ముందుగా లెక్కకట్టిన తోకచుక్క కావడం వల్లనే కవితలోని వాదం నిలబడుతుంది.

2. 1910లో తోకచుక్క భయం ప్రపంచవ్యాప్తం. దానిని ఇల్లాలి అజ్ఞానానికి కుదించే బోధన సరికాదు. ఆమె కలతలో వెలి గురించిన వాస్తవమైన భయం ఉంది.

3. ఛాయాగ్రహం, తోకచుక్క, జెండా అనే ‘కేతు’ శబ్దార్థాల క్రమంలో కవిత సాగింది. పాత మాటకు పాత అర్థాలలోంచే కొత్త ఉపయోగం కల్పించింది.

4. చుట్టరికం అనే పోలిక అలంకారమాత్రం కాదు. కులానికి లోబడిన బంధుత్వాన్ని విస్తరించి సంపంక్తి భోజనాన్ని సమర్థించే వాదం అది.

5. తోకచుక్కను సంస్కరణ పతాకగా భావించడంలో మానవకర్తృత్వపు స్పృహ ఉన్నప్పటికీ, మార్పు దానంతట అదే వస్తుందన్న ధీమా కూడా ఉంది. ఆ ధీమాను 1985–86 చరిత్ర సమర్థించలేదు.

హేలీ తోకచుక్క ఇప్పుడు సూర్యునికి అతిదూరపు బిందువును దాటి మళ్లీ ఇటు తిరిగింది. 2061 జూలైలో అది సూర్యుని సమీపానికి చేరుతుంది. మనం నేడు పాఠం చెబుతున్న విద్యార్థులలో చాలామంది దానిని చూస్తారు. తోకచుక్క అంటే భయపడవద్దని వారికి నేర్పవలసిన అవసరం ఇప్పుడు పెద్దగా లేదు. ఆ చుట్టం వచ్చేనాటికి పంక్తి ఎలా ఉండాలన్నది వారితో చర్చించవలసిన విషయం. ‘ముత్యాల సరములు’ కవితను ఆ చర్చకు పాఠంగా నిలపడమే దానికి మనం ఇవ్వగల గౌరవం.